బీటాఫీసరు జోకు

ఎనిమిదేళ్ళుగా నా గొంతులో ఒక జోకు ఇరుక్కుని ఉంది. నిజంగా జోకే. వేసింది నేనే.

కల్వకుర్తి దగ్గర ఒక హాస్టల్ బడిలో కౌన్సెలర్‌గా నాకది మొదటి ఉద్యోగం. మూడు రోజుల శిక్షణ, ఆటసామాన్ల గదిలో ఒక కుర్చీ. 'ఇక్కడ చెప్పింది బయటికి పోదు' అని రాసి తలుపుకు అంటించాను. ఆ తలుపుకు గడియ లేదు. అప్పుడే అర్థం కావాల్సింది.

మొదటి వారమే ఆ అమ్మాయి వచ్చింది. పదో తరగతి, అమ్రాబాద్ అడవిలో పల్లె. పేరు రాయను, ఒకసారి బయటపెట్టింది చాలు. ఫారెస్టు బీటాఫీసరు అవుతానంది. కట్టెలకు పోయిన వాళ్ళ బాపు గొడ్డలి గుంజుకున్నది ఆ ఖాకీ చొక్కాలే. ఆ చొక్కా తాను వేసుకుంటే ఎవరి గొడ్డలీ గుంజుకోదట.

“బాపుకు మాత్రం జెప్పకున్రి సార్. పదోది పాసైనంక నేనే జెప్పుకుంట.”

తల ఊపాను. గంట తర్వాత స్టాఫ్‌రూంలో చాయ్ తాగుతూ అన్నాను, “కట్టెల దొంగ ఇంట్ల బీటాఫీసరు పుట్టింది.” అందరూ పగలబడి నవ్వారు. కొత్తవాణ్ణి గదా, ఉద్యోగం అప్పుడే పర్మినెంటయినంత సంబరం నాకు. చాయ్ తెచ్చిన వంటామెది ఆ పిల్ల ఊరేనని తెలియదు. తెలిస్తే ఆగేవాణ్ణా? లేదు. గొంతు తగ్గించేవాణ్ణి.

ఆదివారం తండ్రి వచ్చాడు. బిడ్డను పక్కన నిలబెట్టుకున్నాడు. అరవలేదు.

“సార్, గా ముచ్చటేందో నాకు గూడ జెప్పున్రి. నేను గూడ నవ్వుత.”

“నాకేం తెల్వదు. నేనెవరికీ చెప్పలే. మీ పిల్లే ఎవరితోనో అని ఉంటది.”

ఆ అమ్మాయి నా వైపు చూసింది. కాదనలేదు. మర్నాడు టీసీ తీసుకుని వెళ్ళిపోయారు. కారణం దగ్గర 'ఇంటి పరిస్థితులు' అని నింపింది నేనే. నా చేతిరాత బాగుంటుంది మరి.

కోపమంతా నా మీదే అంటే పెద్దమనిషిలా ఉంటుంది. అది కూడా అబద్ధమే. నవ్విన వాళ్ళ మీద ఉంది. మూడు రోజుల్లో నన్ను కౌన్సెలర్‌ను చేసిన వాళ్ళ మీద ఉంది. సిగ్గు లేకుండా చెప్తున్నాను, ఆ పిల్ల మీద కూడా ఉంది: గడియ లేని తలుపును ఎట్లా నమ్మావమ్మా? ఇంతమందినీ తిట్టుకుని తిరిగి తిరిగి నా దగ్గరికే వస్తాను, ఎందుకంటే ఆ గదిలో ఉన్నది ఇద్దరమే, మాట దాటించింది ఆమె కాదు.

ఆ పిల్ల తర్వాత చదివిందో లేదో కనుక్కోలేదు. తీరిక లేక కాదు, భయం.

వాళ్ళ బాపు అడిగింది ఒక్కటే, ముచ్చట చెప్పమని. ఇదిగో, చెప్పాను. ఆయనకు తప్ప అందరికీ. గొంతు కాస్త తెరిపిన పడింది. అదీ నాకే.