చీలిన గిట్ట

బందరులో ఎదురుపడినప్పుడల్లా ఒకే ప్రశ్న అడుగుతున్నా, మా ఇంగ్లీషు మాస్టారు నవ్వి తప్పుకుంటారు. నిన్న గుడివాడ దారిలో, తడి మట్టిలో ఎడ్ల గిట్టల జాడలు చూశాక మళ్లీ అడగాలనిపించింది.

"ఆవు గిట్టను క్లోవెన్ హూఫ్ అంటారు. క్లోవెన్ అన్నది చీల్చడం అనే అర్థమున్న పాత ఇంగ్లీషు మాట నుంచి పుట్టింది" అని నా చిన్నప్పుడు ఆయన బళ్లో చెప్పారు.

"ఎవరు చీల్చారండీ?"

"పరీక్షకు రాదు, కూర్చో."

ఆ సెలవుల్లో దివిసీమలో మావయ్య దూడ గిట్టలు చూసి, నిజంగానే ఎవరో నరికారనుకున్నాను. అతుక్కుంటాయని పసుపు రాసి, పురికొసతో బిగించి కట్టాను. దూడ బురదలో నిలదొక్కుకోలేక కూలబడింది.

"బురదలో గిట్ట విచ్చుకోవాలిరా అల్లుడూ, లేకపోతే దిగబడిపోద్ది" అంటూ మావయ్య పురికొస కోశాడు. తిట్టలేదు. దూడ చాలా రోజులు కుంటింది.

కట్టింది నేనే, కాదనను. కానీ మాస్టారూ, అది పుట్టుకతోనే అలా ఉంటుందని ఒక్క మాట ఎందుకు చెప్పలేదు?