సూర్యుని మీద మోపిన నేరం

బెల్లంపల్లి బొగ్గుగనిలో పనిచేసి ఉద్యోగ విరమణ చేసిన నజీరుద్దీన్‌కు ఒక్కతే కూతురు, ఇఖ్రా. బెంగళూరులో రాకెట్లు తయారుచేసే ఒక చిన్న సంస్థలో తీగల అమరికను పరీక్షించే ఉద్యోగం ఆమెది. మొన్న వేసవిలో ఆ సంస్థ ప్రయోగించిన రాకెట్టు పైకి లేచిన కాసేపటికే అదుపు తప్పి సముద్రంలో కూలింది. కారణం తెలియలేదు, విచారణ మొదలైంది.

"నా తీగల తప్పే అంటరేమోనని భయమైతుంది అబ్బా," అని ఇఖ్రా ఫోనులో ఏడ్చింది.

ఆ మాట విన్నది మొదలు నజీరుద్దీన్‌కు అన్నం సహించలేదు. ప్రయోగం జరిగిన వారమంతా సూర్యునిపై తుఫానులు రేగాయనీ, రాకెట్ల వైఫల్యాలకు అటువంటి తుఫానులతో సంబంధం ఉండవచ్చని కొందరు శాస్త్రజ్ఞులు అనుమానిస్తున్నారనీ ఆయన ఒక వీడియోలో విన్నాడు. అది అనుమానమే తప్ప రుజువు లేదని కూడా అందులో చెప్పారు. ఆ ముక్క ఆయన చెవికెక్కలేదు.

"దొరికిండు ముంతాజ్! సూర్యుడే చేసిండు," అన్నాడు భార్యతో.

"ముప్పై ఏండ్లు భూమి కింద పనిచేసినవ్. పొద్దు మొఖం ఎన్నడన్న సక్కగ చూసినవా? గిప్పుడు ఆయన మీద కేసు పెడ్తవా?" అన్నది ముంతాజ్.

గనిలో ప్రమాదం జరిగినప్పుడు, విచారణకు ముందే కార్మికుని ఇంటి పెద్ద, అధికారి బంగళాకు వెళ్లి, గడప బయట నిలబడి, తమవాని పక్షాన నాలుగు మాటలు చెప్పుకోవడం అక్కడి వాడుక. తమ్ముని కోసం నజీరుద్దీన్ ఒకసారి అలాగే నిలబడ్డాడు. తమ్ముని ఉద్యోగం నిలిచింది. ఇప్పుడు వెళ్లడానికి బంగళా లేదు. అత్యవసరానికని ఇఖ్రా ఎప్పుడో ఇచ్చిన నంబరుకు, ఆమె పైఅధికారి విద్యాసాగర్‌రావుకు, ఫోను చేశాడు.

"సార్, మా బిడ్డ తీగలల్ల ఏ తప్పు లేదు. సూర్యుని తుఫానుకే కూలింది."

"తీగల సంగతి మేమెవరమూ ఎత్తలేదే! మీకెవరు చెప్పారు?"

నజీరుద్దీన్ గబుక్కున ఫోను పెట్టేశాడు.

మరునాడు ఇఖ్రా ఫోను చేసింది. విచారణ ముగిసేవరకు పనికి రావద్దన్నారట.

"సూర్యుడే కావచ్చు, కాకపోవచ్చు అబ్బా. అది తేలనీకె నెలలు పడ్తది. గందాక అందరు నన్నే చూస్తరు. ఇగ ఎవ్వరికి ఫోన్ చెయ్యకు."

"ఒక్కసారి మాట్లాడి సర్ది చెప్త బిడ్డా..."

"వద్దు అబ్బా."

ఆమె కోపంతో అనలేదు, అలసిపోయి అన్నది.

నజీరుద్దీన్ చాలాసేపు ఆ అధికారి నంబరును చూస్తూ కూర్చున్నాడు. రెండుసార్లు వేలు దానిదాకా వెళ్లింది. చివరకు లేచి, ఫోను తెచ్చి ముంతాజ్ చేతిలో పెట్టాడు.

"నువ్వే ఉంచుకో. నా దగ్గరుంటే మల్ల చేస్త."

"మరి బిడ్డ చేస్తే?"

"నువ్వే మాట్లాడు. అబ్బ మంచిగున్నడని చెప్పు."