టీచరమ్మ నాతో తమిళంలో మాట్లాడింది

ఇది రాయకుండా ఉందామనే అనుకున్నాను. టీచరమ్మ గురించి నాలుగు మంచి మాటలు చెప్పేవాళ్లకు మా ఊళ్లో కొదవ లేదు. అందరిలోకీ తక్కువ అర్హత ఉన్నది నాకే. ఆదివారం పొద్దున పాలు పోసే ఆమె చెంబు ఎత్తుతూ, "టీచరు పోయిందంట పెద్దాయనా, కోయంబత్తూరు ఆస్పత్రిలో, తెల్లారి" అంది. నేనేమన్నానో తెలుసా? "అట్లనా? ఇవాళ అర లీటరు చాలు" అన్నాను. పాలు పొయ్యి మీద పెట్టి, అవి పొంగి పొయ్యంతా పోయేదాకా అక్కడే నిలబడి ఉన్నాను.

మాది అవినాశి దగ్గర పల్లె. మా వీధిలో ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. ఆవిడ మా వీధి కోడలు, ఊరి బళ్లో మూడో తరగతి టీచరు. చదువంతా తమిళంలోనే. తెలుగు నోటికి వచ్చు, ఒక్క అక్షరం చదవడం రాదు. మా వీధిలో అందరూ అంతే, నేను తప్ప.

నా చదువు సంగతి కొంచెం చెప్పాలి. తిరుప్పూరు బనియన్ కంపెనీలో కటింగ్ మాస్టరుగా ఉన్న రోజుల్లో ఏటా తిరుపతి వెళ్లేవాణ్ణి. కాట్పాడి దాటాక స్టేషన్ బోర్డుల మీద తెలుగు మొదలవుతుంది. ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చు కాబట్టి పక్కనున్న తెలుగుతో జత చేసుకునేవాణ్ణి. నేను చదివిన మొదటి తెలుగు మాట 'పాకాల'. చంద్రగిరి దగ్గర రైలు ఎక్కువసేపు ఆగిన ఏడాది ఒత్తులు పట్టుబడ్డాయి. అలా పదేళ్లకు పేపరు చదివే స్థితికి వచ్చాను. టీకొట్టు బెంచీ మీద కూర్చుని గట్టిగా చదివేవాణ్ణి. ఎక్కడ తడబడినా పట్టుకునేవాడు లేడు కదా, నాకు 'పులవరు' అని పేరు వచ్చింది. తమిళంలో పండితుడని అర్థం. ఆ పేరంటే నాకు చాలా ఇష్టం.

టీచరమ్మ పద్ధతి వేరు. బోర్డు మీద రాసింది చూసి రాయించేది కాదు. పాఠం అయ్యాక పిల్లలు తమకు అర్థమైంది ఒక పేజీలో గీయాలి. మధ్యలో ఒక బొమ్మ, చుట్టూ బాణాలు, చిన్న చిన్న మొహాలు. ఒకరోజు నేను అటు పోతుంటే పిలిచింది.

"మామా, లోపలికి రండి. చుమ్మా చూసేసి పోండి." ఊరికే అలా చూసి పొమ్మని.

బల్ల మీద ఒక ప్లాస్టిక్ స్టూలు. దాని నడుమ చిల్లు ఉంటుంది చూడండి, ఆ చిల్లు మీద ఆవిడ పాత ఫోను బోర్లా పడుకుని కిందికి చూస్తోంది. స్టూలు కింద ఒక పాప నోటుపుస్తకం పెట్టి గీస్తోంది. ఆ గీసేదంతా వైరు గుండా టీవీలోకి పోయి క్లాసుకంతటికీ కనబడుతోంది. పాఠం వాన గురించి. పాప చీమల బారు గీసింది.

"చీమ ఇల్లు మునిగిపోతాది టీచర్, అందుకే గోడ ఎక్కుతా ఉండాది" అంది, తమిళ క్లాసులో శుభ్రంగా తెలుగులో. టీచరమ్మ వారించలేదు.

"నోట్సు ఏదమ్మా?" అన్నాను.

"ఇదే మామా నోట్సు."

"ఇది బొమ్మ కదా!"

"రాసుకునేసి మరిచిపోయేదానికి నోట్సు ఎందుకు మామా? నెల పోయినాక ఈ బొమ్మ చూపించండి, పాఠమంతా ఒప్పజెప్పేస్తాది." అని, గొంతు తగ్గించి, "మీతో ఒక పని ఉండాది. బొమ్మ కింద తమిళం రాస్తా ఉండారు. దాని కింద మన ఇంటి మాట తెలుగు అక్షరాల్లో మీరు రాసి ఇయ్యాల. మన మాటకు గూడా రాత ఉండాదని పిల్లోళ్లు చూడాల కదా? నేనూ చూసింది లేదు" అంది.

నా ఛాతీ ఉబ్బింది. తర్వాత టీవీ వైపు చూశాను. పాప చిటికెన వేలు అరటిపండంత కనబడుతోంది.

నేను చదవగలను. రాయడం నాకు రాదు. కిటికీలోంచి నేర్చుకున్న చదువు కళ్లకే వచ్చింది, చేతికి రాలేదు. ఇప్పుడు ఇది కూడా నోటితో చెబుతుంటే ఫోను రాస్తోంది. దానికి మా ఇంటి తెలుగు అర్థం కాదు గనుక అచ్చుభాషలో చెబుతున్నాను. మనుషుల మాటలు వాళ్లన్నట్టే దింపడానికి దానితో ఒక పూట కుస్తీ పట్టాను. ఈ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు ఆవిడకు చెప్పి ఉంటే సరిపోయేది.

"చూద్దాంలేమ్మా" అన్నాను.

"అవసరం లే మామా, మెల్లగా రండి."

మా వీధి తెలుగులో అవసరం అంటే, తమిళంలో లాగే, తొందర. తొందరేమీ లేదు, వీలైనప్పుడు రండి అన్నది. అచ్చు తెలుగులో ఆ మాటకు అర్థం వేరని నాకు పేపరు చదివి తెలుసు. రెండు నెలలు ఆ దారిన పోవడం మానేశాను.

ఒక సాయంకాలం టీకొట్టు దగ్గర పట్టుకుంది. "ఏమి మామా, పిల్లోళ్లు అడగతా ఉండారు. ఎప్పుడు వస్తారు?"

బెంచీ నిండా మనుషులున్నారు. "నువ్వే కదమ్మా అవసరం లేదన్నావు!" అన్నాను.

"ఆమా మామా, అట్లనే అంటిని. మెల్లగా రండి అనే కదా..."

"అసలు తెలుగులో అవసరం అంటే ఏమో తెలుసునా? కావలసి ఉండటం. అవసరం లేదంటే, నువ్వు అక్కర్లేదు, పో అని. పిల్లలకు చెప్పేదానివి, మాట తెలుసుకుని మాట్లాడాల."

బెంచీ మీద ఒకడు, "పులవర్ దగ్గర మాట్లాడాలంటే పరీక్ష రాసేసి రావాల్రా" అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది. "అట్లనా మామా? ఇన్నాళ్లూ తప్పుగానే మాట్లాడతా ఉండానా" అని చెంగు సర్దుకుని, "సరింగ మామా, వరేన్" అని వెళ్లిపోయింది. సరేనండీ, వస్తానని. తమిళంలో.

ఆ తర్వాత నాతో ఆవిడ తెలుగు మాట్లాడలేదు. కోపం కాదు. ఎదురైతే నిలబడేది, ఆరోగ్యం అడిగేది, అంతా తమిళంలోనే, మర్యాదగా. ఒంట్లో బాగాలేదని తెలిసి చూడబోయాను. "వాంగ మామా, ఉక్కారుంగ" అని కుర్చీ చూపించింది. అటు తిరిగి మొగుడితో, "మామకు కాఫీ పెట్టండి, చక్కెర తక్కువ" అని తెలుగులో చెప్పింది. మళ్లీ ఇటు తిరిగి తమిళం. క్షమించమ్మా అనడానికే వెళ్లాను. స్టేషన్ బోర్డుల కథ చెప్పి నవ్వించి వచ్చేశాను.

ఆవిడ పోయిన మూడో రోజు వాళ్లింటికి వెళితే ఆవిడ భర్త నా చెయ్యి పట్టుకున్నాడు. "మీరంటే దానికి శానా మర్యాద మామా. మీరు చెప్పినప్పటినుంచి ఇంట్లో గూడా ఆ మాట మానేసె. 'తొందర, తొందర' అనే బిడ్డను తరిమేది. మీ ముందర తెలుగు మాట్లాడితే తప్పు వస్తాదని భయం" అన్నాడు. పొగుడుతున్నాననే అనుకున్నాడు.

ఆ తర్వాతి సోమవారం బడికి వెళ్లాను. ఆవిడ చోట ఒక తమిళ అమ్మాయి వచ్చింది. పిల్లల నోటుపుస్తకాలు తీసి చూపించింది. ప్రతి బొమ్మ కిందా తమిళ మాట, దాని కింద స్కేలు పెట్టి పెన్సిలుతో గీసిన ఒక ఖాళీ గీత. ఎవరు గీశారంటే, "తాత వచ్చి రాస్తాడని టీచర్ గీసి ఉంచమన్నాది" అంది ఒక పాప.

నేనే అడిగి పుస్తకం స్టూలు కింద పెట్టించుకున్నాను. బొమ్మ కుండ, అందులో నీళ్లు. 'నీలు' అని రాశాను. టీవీలో అది గోడంత కనబడింది. అక్కడ దాన్ని చదవగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే. కొట్టేశాను.

"ఏమి తాతా, కొట్టేస్తివి?"

"తప్పు రాసినా పాపా. నాకు రాసేది సరిగా రాదు."

"సరి, మళ్లీ రాయి."

రెండోసారీ కుదరలేదు. మూడోసారి 'ళ' కింద ఒత్తు పెడుతుండగా కరెంటు పోయింది. పిల్లలు కంచాలు తీసుకుని భోజనానికి లేచారు.