బొగ్గు బొమ్మలో అమ్మ

మొన్న హైదరాబాదులో, చిత్రాల ప్రదర్శనలో, బొగ్గుతో గీసిన ఒక ఆడమనిషి బొమ్మ ముందు ఆగిపోయాను. ఆ వంగిన నడుము మా అమ్మది.

నాకప్పుడు ఆరేళ్ళు. ఆదోని పత్తి మిల్లులో అమ్మ దూదిలోని చెత్త ఏరుతుంటే, మద్రాసు నుంచి వచ్చిన చిత్రకారుడొకాయన ఎదురుగా కూర్చుని గీస్తున్నాడు. తొంగిచూశాను. బొమ్మలో చేతులు బారెడు పొడవున్నాయి. ముక్కూ నోరూ ఉన్నాయి, కళ్ళు లేవు. చేతబడి చేసేవాళ్ళు బొగ్గుతోనే మనిషి బొమ్మ గీస్తారనీ, అందులో ఏది గీయకపోతే ఆ మనిషికి అది పోతుందనీ మా అవ్వ చెప్పేది.

"మాయమ్మకు కండ్లు పోతాయి! సెరిపేయ్ సామీ!" అని ఏడుస్తూ, అరచేతిలో ఉమ్మి బొమ్మ ముఖమంతా రుద్దేశాను.

అమ్మ నన్ను వెనక్కి లాగింది. "తప్పాయ సామీ, సిన్నబిడ్డ."

"ఫరవాలేదమ్మా, ఉండనీ" అన్నాడాయన, కాగితం చుట్టేస్తూ.

ఆ తర్వాత వారం రోజులు, అమ్మ నిద్ర లేవగానే ఆమె కళ్ళ ముందు వేళ్ళు ఆడించి చూసేదాన్ని.

గోడమీది బొమ్మలో ఆ మసక అలాగే ఉంది, నాలుగు చిన్న వేళ్ళ చారలతో. అమ్మ ఫోటో మా ఇంట్లో ఒక్కటీ లేదు. ఆమెకున్న ఒకే ఒక్క బొమ్మలో ముఖం చెరిపింది నేనే.