పేలుళ్లు లెక్కపెట్టిన చెవి

నా చెవిలోని మోత గురించి ఇన్నేళ్లలో మా ఊళ్లో ఒక్కరైనా కుదురుగా కూర్చుని వినలేదు. చెప్పబోతే "మళ్లీ మొదలుపెట్టినాడు" అని లేచిపోయినవాళ్లే. ఎవరు ఏ అరుగు మీదనుంచి లేచిపోయారో నాకు ఇప్పటికీ గుర్తుంది. అందుకే రాస్తున్నాను.

మార్కాపురం దగ్గర పలకల గనిలో నా పని పలకను తట్టి చూడడం. బడిపిల్లల పలకలకు కోసిన రాతిరేకును ఎడమచేతి వేళ్ల మీద నిలబెట్టి, కుడిచేతి వేలి కణుపుతో తడితే, మంచిదైతే ఖంగుమంటుంది. లోపల బీట ఉంటే మొద్దుగా పలుకుతుంది. కంటికి అందని బీటను నేను చెవితో పట్టేవాణ్ణి. ఆ పనివల్లే నాకు పందిరి నీడలో చోటు దక్కింది.

ఆ చెవే నన్ను ఇరికించింది. గనిలో రాతిని పేల్చే రోజున, ఎన్ని బెజ్జాలకు మందు కూరితే అన్ని పేలుళ్లు వినబడాలి. ఒకటి తగ్గిందంటే ఒక బెజ్జం పేలకుండా మిగిలిందన్నమాట. తెలియక అక్కడ గడ్డపార వేసినవాడు ఇంటికి రాడు. రెండు పేలుళ్లు ఒకదాని మీద ఒకటి పడినా విడదీసి చెప్పగలనని, నాకు వరసకు మామ అయ్యే మేస్త్రీ నన్ను గని అంచున నిలబెట్టాడు. మిగతావాళ్లు రాళ్లకుప్ప వెనక నక్కి చెవులు మూసుకునేవారు. ఒకసారి నేనూ అరచేతులు అడ్డం పెట్టుకున్నాను. మేస్త్రీ అందరిముందూ అన్నాడు:

"ఏంది అల్లుడా, కొత్త పెండ్లికూతురి మాదిరి? నువ్వు చెవులు మూసుకుంటే లెక్కెవురు జెప్తారు?"

అందరూ నవ్వారు. మళ్లీ ఎప్పుడూ మూసుకోలేదు.

ఒక వేసవిలో పేలుళ్లు అయిపోయినా చెవిలో చప్పుడు ఆగలేదు. సన్నగా, తెగకుండా, కీచురాయి చెట్టును వదిలి నా తలను పట్టుకున్నట్టు. పురుగు దూరిందని అమ్మ ఉప్పునీళ్లు పోసి నా తల పక్కకు వంచింది. నీళ్లే బయటికి వచ్చాయి. పట్నం ఆసుపత్రిలో డాక్టరు చెవిలోకి ఒక చూపు చూసి, "శుభ్రంగా ఉంది, ఏమీ లేదు," అన్నాడు. ఆ మాట అంటూండగానే ఆయన చూపు నా వెనక వరసలో నిలబడ్డ రోగి మీదికి పోయింది.

గనిలో మాత్రం నేను తట్టిన ప్రతి పలకా ఖంగుమనడం మొదలైంది. బీటదీ మంచిదీ ఒక్కలాగే. మేస్త్రీ నన్ను పందిరి నుంచి తీసేసి, "వాళ్ల వంశంలోనే చెవుడుంది," అని ఊరంతా చెప్పాడు. మా వంశంలో చెవిటివాడు ఒక్కడూ లేడు. ఉంటే నా తమ్ముణ్ణి తీసుకుపోయి నా బదులు గని అంచున ఎందుకు నిలబెట్టాడు?

గిద్దలూరులో రైల్వే డాక్టరు ఒకాయన బయటివాళ్లనూ చూస్తాడని విని రైలెక్కాను. ఆయన చెవి చూడకముందే ఏం పని చేస్తావని అడిగాడు. అంతా విన్నాడు. మధ్యలో లేవలేదు.

"బాయిలర్లకు రేకులు బిగించేవాళ్లు ఇదే చెబుతారు," అన్నాడు. "పెద్ద చప్పుళ్లకు లోపల వినే నరం దెబ్బతింది. బయట ఏ చప్పుడూ లేకపోయినా తలలో మోగుతూ ఉంటుంది. పురుగూ కాదు, పిచ్చీ కాదు. పోగొట్టే మందు నా దగ్గర లేదు. పేలుళ్ల దగ్గరికి పోవద్దు. పొద్దుపోయాక ఒట్టి నిశ్శబ్దంలో పడుకోవద్దు, పక్కన ఏదో మెల్లని చప్పుడు ఉండనీ."

"నా తమ్ముడు అక్కడే ఉన్నాడయ్యా. లెక్క జెప్పాల గదా."

"నూనెలో తడిపిన దూది గట్టిగా కూరుకుంటే దెబ్బ తగ్గుతుంది. అంత దగ్గర పేలుడు దూదికి ఆగదులే, లెక్కకేం లోటు రాదు."

ఇప్పుడు చిల్లికుండ వేలాడదీసి, బొట్లు కంచు చెంబులో పడుతుంటే పడుకుంటున్నాను. మోత పోలేదు. కాస్త వెనక్కి తగ్గినట్టుంటుంది.

గిద్దలూరు నుంచి తిరిగి రాగానే మేస్త్రీ దగ్గరికి పోయాను. "మామా, దూది పెట్టుకోమని తమ్ముడికి నువ్వొక మాట జెప్పు. నేను జెప్తే వినడంల్యా."

"అట్ల జెప్తే గనే చెవులు చెడగొట్టిందని ఒప్పుకున్నట్టు గాదా? పో అల్లుడా, నీ రోగం గనికి అంటగట్టబాక," అని అరుగు దిగిపోయాడు.

తమ్ముడిదీ అదే పాట. "మామ ఏం కాదన్నాడు గదన్నా. నీకు మోగితే ఊరందరికీ మోగాల్నా?"

మొన్న అన్నం తింటూ వాడు చిటికెనవేలు చెవిలో పెట్టి ఆడించాడు.

"ఏందిరా?"

"ఏం ల్యా. పురుగేదో దూరినట్టుంది."

ఉప్పునీళ్లకు అమ్మ లేవబోయింది. నేను వద్దన్నాను.

మేస్త్రీ మామా, నా పందిరి చోటు నాకు ఇవ్వకపోయినా సరే. ఈసారి అరుగు దిగకుండా జవాబు చెప్పు. నా చెవి చెడింది నువ్వు నన్ను నిలబెట్టిన ఆ అంచునా, కాదా? మళ్లీ మందు పేల్చే రోజు రాకముందే, నా తమ్ముడి ముఖం చూసి చెప్పు.