గోపురం దగ్గర ఎగరని డ్రోన్

కుంభాభిషేకం రోజు పొద్దున్నుంచీ నాకు కాలు ఒకచోట నిలవలేదు. గోపురం మీది కలశానికి అభిషేకం జరిగేది పన్నెండేళ్ళకోసారి. "మళ్ళీసారికి నేనుంటానా, ఈసారే కళ్ళారా చూడాలి" అని అత్తయ్యగారి ఆశ. కానీ మోకాళ్ళ నొప్పులతో ఆవిడ పరంజా మెట్లు ఎక్కలేరు. అందుకని మావారు డ్రోన్ కొన్నారు. అమెరికాలో మేముండే నోవైలో, మా పెరట్లో ఎగరేస్తే పిట్టలా లేచింది. గుడి దగ్గర కూడా ఒకసారి ఎగరేసి చూడాలని ఇద్దరికీ తోచలేదు.

గుడికి దగ్గర్లోనే చిన్న ఎయిర్‌పోర్ట్ ఉంది. పార్కింగ్ లాట్‌లో ఆన్ చేస్తే, ఇక్కడ ఎగరడానికి వీల్లేదని ఫోన్‌లో వచ్చింది.

"గవర్నమెంట్ పర్మిషన్ తీసుకున్నారుగా?" అన్నాను.

"తీసుకున్నా" అన్నారు మావారు. "ఇది డ్రోన్ కంపెనీ వేసిన లాక్. వేరే రిక్వెస్ట్ పెడితే వాళ్ళు తియ్యాలట."

"మనం కొన్నదానికి వాళ్ళ తాళమేంట్రా?" అన్నారు చక్రాల కుర్చీలోంచి అత్తయ్యగారు.

"విమానాలకి అడ్డం రాకూడదని, అమ్మా."

"నేనేమన్నా అడ్డం వెళ్తానన్నానా?"

మావారు అప్పటికప్పుడు పెట్టిన రిక్వెస్ట్‌కి కంపెనీ నుంచి జవాబు రాలేదు. పైన మంత్రాలు జోరందుకున్నాయి. చిన్నప్పుడు బడికి వెళ్ళకుండా నాన్న పక్కన కూర్చుని నేర్చుకున్న విష్ణు సహస్రనామం, నిద్రలో అడిగినా తప్పనిది, లోపల చదువుకుంటూ మధ్యలో తప్పి మళ్ళీ మొదటికొచ్చాను.

"ఇందులో నా చెప్పులు కనిపిస్తున్నాయేమిటే?" అన్నారు అత్తయ్యగారు, ఫోన్ చూస్తూ.

కింద పెట్టిన డ్రోన్ కెమెరా ఆవిడ పాదాలకేసి తిరిగి ఉంది. తాళం రెక్కలకే గానీ కంటికి కాదు.

ఫోన్ ఆవిడ చేతిలోనే వదిలేసి, కుచ్చిళ్ళు దోపుకుని, హారతి పళ్ళెంలా డ్రోన్‌ని పట్టుకుని పరంజా ఎక్కాను. నాకు ఎత్తంటే భయం. కిందికి చూడలేదు.

"డ్రోన్‌ని మోసుకొస్తున్నారేంటి ఆంటీ?" అని పైన ఒకమ్మాయి నవ్వింది.

"దానికీ మోకాళ్ళ నొప్పులమ్మా" అన్నాను.

కలశం మీద నీళ్ళు పడ్డాయి. నా చేతులమీదా చిందాయి. అంత దగ్గర్నుంచి చూస్తానని నేనెప్పుడూ అనుకోలేదు. ఆ తాళం వేసిన వాళ్ళకీ మనసులో ఒక దణ్ణం పెట్టుకున్నాను. అయినా కింద కనిపించిందో లేదోనని దిగేదాకా ప్రాణం నిలవలేదు.

"కనిపించిందా అత్తయ్యగారూ?"

"కనిపించింది. కలశం ఊగిపోతూ కనిపించింది. అంత వణుకేమిటే నీకు?"

నా తడి చేతులు రెండూ పట్టుకుని కళ్ళకద్దుకున్నారు. వద్దండీ అంటున్నా వదల్లేదు.

"ఉండవే, తీర్థం ఆరిపోతుంది" అన్నారు.