మేకను అదిలించిన గొంతు

కూరగాయల కొట్టులో జామను పోలిన ఫీజోవా పళ్ళ వాసన తగిలిందంటే చాలు, ఆక్లాండ్ నగరంలోని మౌంట్ ఆల్బర్ట్‌లో మేం అద్దెకున్న చెక్క ఇల్లు, కంచె మీదుగా మా పెరట్లోకి వంగిన మార్గరెట్ ఆంటీ చెట్టు, తడిగడ్డిలో రాలిన ఆ పచ్చటి పళ్ళు గుర్తొస్తాయి. ఇక్కడ ఉగాది ఆకురాలే కాలంలో వస్తుంది; మామిడికాయ దొరక్క అమ్మ పచ్చడిలో పచ్చి ఫీజోవా ముక్కలు వేసేది, వేస్తూ కూనిరాగం తీసేది. మౌంట్ రాస్కిల్ హాల్లో తెలుగువాళ్ళ పండగ ఏదైనా మొదటి పాట అమ్మదే.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు అమ్మ గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేస్తే మాట పోవచ్చని నాన్న ఫోన్లో ఎవరితోనో అంటుంటే విన్నాను. ఆపరేషన్ రోజున నన్ను పక్కింటి మార్గరెట్ ఆంటీ దగ్గర దింపి, "ఏం కాదమ్మా, అమ్మ మాట్లాడుద్ది" అని ఆస్పత్రికి వెళ్ళాడు.

ఎనభై దాటిన ఆంటీ, జామ్ రాసిచ్చిన రొట్టె నేను ముట్టకపోవడం చూసి, తన నాయనమ్మ క్లారా కథ మొదలుపెట్టింది. వడ్రంగి కూతురు క్లారా చర్చిలో పాడుతూ పాడుతూ పంతొమ్మిదో ఏట ఒక ఒపెరా బృందంలో చేరింది. ఓడల్లో, గుర్రబ్బళ్ళలో ఊరూరా తిరిగి, బంగారు గనుల ఊళ్ళలో బురద బూట్లతోనే వచ్చి కూర్చున్న కూలీలకూ, సిడ్నీలో, కలకత్తాలో దొరలకూ తారస్థాయిలో పాడి మెప్పించింది. మద్రాసు పేరు రాగానే "మన మద్రాసా!" అన్నాను. అక్కణ్ణించి తిరిగొస్తుంటే ఓడలో జ్వరమొచ్చి ఆమె గొంతు మూగబోయింది. బృందం ఆమెను ఆక్లాండ్ రేవులో దింపేసి, మరో గాయనితో ముందుకు సాగిపోయింది. క్లారా నెలల తరబడి పలక మీద రాసి చూపిస్తూ బతికింది. ఒక ఉదయం క్యాబేజీ మడిలో దూరిన మేకను అదిలించబోతే, ఉన్నట్టుండి గొంతు పెగిలింది.

"మళ్ళీ పాడిందా?" అన్నాను.

"పాడింది. కొంచెం కింది శ్రుతిలో. తల నెరిసేదాకా ఊళ్ళు తిరుగుతూనే ఉంది" అంది ఆంటీ. అప్పుడు రొట్టె తిన్నాను.

మర్నాడు ఆస్పత్రిలో అమ్మ మెడకు కట్టుతో పడుకుని ఉంది. నన్ను ఎగాదిగా చూసి, బొంగురుగా, "ఎవరేశారే ఆ జడ?" అంది.

"నేనే" అంటూ నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. గుండెల మీంచి బండ దించినట్టయింది. నాకు నవ్వు ఆగలేదు.

ఇప్పుడు ఆ రెండిళ్ళూ లేవు, వాటి చోట వరసగా టౌన్‌హౌస్‌లు లేచాయి. ఆంటీ పోయి చాలా ఏళ్ళయింది. అమ్మకు పై స్థాయి మళ్ళీ రాలేదు. దాన్ని ఆమె వెతుక్కోనూ లేదు. ఇదే ఊళ్ళో హెండర్సన్‌లోని మా ఇంట్లో గిన్నెలు సర్దుతూ తనకందిన శ్రుతిలోనే పాడుకుంటుంది.